అమ్మ టెస్టు కోసం నెల్లూరులో రెండు రాత్రులు

ఒంగోలు నుంచి అమ్మను తీసుకుని నెల్లూరుకు రెండుసార్లు వెళ్లొచ్చాను. నిజానికి ఒక్కసారితో అయిపోవాల్సిన పని.

నాలుగేళ్లుగా అమ్మకి గుండెల్లో మంట. రోజూ పరగడుపున గ్యాస్ మాత్ర వేసుకున్నా తగ్గలేదు, ఎండోస్కోపీ చేయిస్తే అంతా బాగానే ఉందన్నారు. ఎండోస్కోపీలో లోపలి పొర కనిపిస్తుంది గానీ, మింగినప్పుడు అన్నవాహిక సరిగ్గా పిండుతోందా, రోజు మొత్తంలో యాసిడ్ ఎంతసేపు పైకి వస్తోంది అనేవి తెలియవు. అందుకని అన్నవాహిక పిండడాన్ని కొలిచే మానోమెట్రీ, యాసిడ్‌ని కొలిచే 24 గంటల పీహెచ్ టెస్టు రాసిచ్చారు.

మొదట వెళ్లిన ఆసుపత్రి వాళ్లు ఫోన్‌లో "పరగడుపున రండి" అన్నారు, అంతే. ఖాళీ కడుపుతో పినాకిని ఎక్కి వెళ్లి గంటన్నర కూర్చున్నాక, గ్యాస్ మాత్ర ఎప్పుడు ఆపారని అడిగారు. మేం ఆపలేదు. మందు వాడుతూ చేస్తే యాసిడ్ అణిగి ఉంటుంది కాబట్టి అసలు సంగతి బయటపడదు, 7 రోజుల ముందే ఆపి రావాలని వెనక్కి పంపేశారు. ప్లాట్‌ఫారం మీద ఇడ్లీ పొట్లం విప్పుకుంటూ అమ్మ "మళ్లీ సెలవు పెట్టాలి కదరా నువ్వు" అంది. ఆ మాటకి చాలా బాధేసింది. ఒక్క ముక్క ఫోన్‌లో చెప్పి ఉంటే పోయేది కదా! రిఫ్లక్స్, అంటే యాసిడ్ పైకి రావడం, ఉందని ముందే తేలినవాళ్లలో కొందరికి మందు మీద ఉండగానే చేస్తారట, కాబట్టి మీ అంతట మీరు ఆపకండి, అడిగి ఆపండి.

రెండోసారి వేరే చోటికి వెళ్లాం. అక్కడి అమ్మాయి ఫోన్‌లోనే మాత్ర ఎప్పుడు ఆపాలో, ఎన్ని గంటలు ఏమీ తినకూడదో, ముందు బటన్లున్న జాకెట్టు వేసుకు రావాలనీ ఓపిగ్గా చెప్పింది. ముందు రోజు సాయంత్రమే చేరి స్టేషన్ దగ్గర లాడ్జిలో దిగాం. అద్దె తక్కువే గానీ లిఫ్టు లేదు, రాత్రంతా బండ్ల చప్పుడు, అమ్మకి కునుకు పట్టలేదు. మరుసటి రోజుకి ఆసుపత్రికి నడిచివెళ్లేంత దూరంలో, మూడు వందలు ఎక్కువైనా, ఇంకో రూము తీసుకున్నాను. మంచి పని చేశాను.

మానోమెట్రీ అంటే ముక్కులో మత్తు జెల్ పూసి, పెన్సిల్ కంటే సన్నటి గొట్టాన్ని కడుపుదాకా దించుతారు. దించేటప్పుడు అమ్మ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది, కళ్లల్లో నీళ్లు తిరిగాయి. అక్కడి కుర్రాడు "అమ్మా, గుటక వేయండి, ఇంకొక్కటి, అయిపోయింది" అంటూనే ఉన్నాడు. తర్వాత పడుకోబెట్టి సిరంజితో 5 మిల్లీలీటర్ల చొప్పున పదిసార్లు నీళ్లిచ్చాడు. ఒక్కో గుటకకీ స్క్రీన్ మీద నీలం రంగు మీద ఎర్రటి చార ఏటవాలుగా కిందికి జారుతుంది, అడుగున అడ్డంగా ఉన్న పట్టీ, అంటే కడుపు ముఖద్వారం దగ్గరి కండరం, సడలి మళ్లీ బిగుసుకుంటుంది. ఆ కండరం ఎక్కడుందో అలా కొలిచి, దానికి 5 సెంటీమీటర్ల పైన పీహెచ్ తీగ కొన ఉండేలా పెట్టారు. తీగని చెంపకి ప్లాస్టర్‌తో అంటించి, మెషీన్ నడుముకి కట్టి, మంట వచ్చినప్పుడల్లా బటన్ నొక్కమన్నారు. తిన్నవేళ, పడుకున్నవేళ కాగితం మీద రాయాలి.

ముఖ్యమైన మాట ఏంటంటే, ఆ 24 గంటలూ ఇంట్లో ఉన్నట్టే ఉండాలి. పథ్యం తిండి తిని మంచం మీద పడుకుంటే టెస్టుకి అర్థం లేదు. అందుకే రూము, తిండి కూడా టెస్టులో భాగమే అంటాను. అమ్మ పెరుగన్నం చాలంది. నేను బలవంతం చేసి మెస్సులో చేపల పులుసు భోజనం పెట్టించాను, నిజంగానే రెండుసార్లు బటన్ నొక్కింది. రూము కుర్రాడు అడగ్గానే రెండో దిండు తెచ్చిచ్చాడు, ఇంట్లో అమ్మకి రెండు దిండ్లు అలవాటు. మెషీన్ తడవకూడదు కాబట్టి తెల్లారి స్నానం లేదు. స్నానం చేయకుండా గుళ్లోకి రానని రంగనాయకుల స్వామి గాలిగోపురం బయటే నిలబడి, తీగ కనబడకుండా మాస్కు పెట్టుకుని దండం పెట్టుకుంది.

తీగ తీసేశాక మధ్యాహ్నానికే రిపోర్టు ఇచ్చారు. కండరాలు బాగానే ఉన్నాయి. యాసిడ్ ఉన్న సమయం మొత్తంలో 1.8 శాతం. 4 శాతం లోపు మామూలు, 6 దాటితే రిఫ్లక్స్ ఖాయం అన్నారు. అమ్మ పదకొండుసార్లు బటన్ నొక్కితే అందులో యాసిడ్ పైకి వచ్చిన సమయంతో కలిసింది ఒక్కటే.

"అయితే నాకు మంట రావట్లేదంటారా నాయనా?" అని అడిగింది అమ్మ. ఆ గొంతు విని నాకే ఏదోలా అయింది. డాక్టర్ గారు కంప్యూటర్ మీంచి చూపు తిప్పి, "మంట నిజమేనమ్మా, యాసిడ్ వల్ల కాదంతే. అక్కడి నరాలు చిన్నదానికే ఎక్కువ స్పందిస్తున్నాయి" అని చెప్పి గ్యాస్ మాత్ర ఆపేసి వేరే మందు తక్కువ మోతాదులో రాశారు. నెల తర్వాత మళ్లీ రమ్మన్నారు.

తిరుగు బండిలో అమ్మ, ప్లాస్టర్ ఊడదీసిన చోట చెంప కందిపోతే కొబ్బరినూనె రాసుకుని పడుకుంది. కావలి దాటేదాకా లేవలేదు.