పెన్నా దాటి లంకమల అంచున: కడప జిల్లాలో మూడు రోజుల సైకిల్ ప్రయాణం

అనంతపురంలో తెల్లారేసరికి సైకిల్ తీసేవాళ్లం ఐదారుగురం ఉన్నాం. తాడిపత్రి రోడ్డు, బెంగళూరు హైవే, మళ్లీ తాడిపత్రి రోడ్డు. వెనక నుంచి లారీ వస్తోందంటే చాలు, ఒళ్లంతా చెవులు చేసుకుని తొక్కడమే. లారీలు లేని దారిలో, నది పక్కన, అడవి అంచున ఒక్కసారైనా తొక్కాలని చాలా రోజుల కోరిక. మొన్న డిసెంబరులో అది తీరింది. మా మేనల్లుడు కడపలో చదువుకుంటున్నాడు. "మామా, సిద్ధవటం రోడ్డు ఒక్కసారి చూడు, తర్వాత మాట్లాడు" అని వాడు ఏడాది నుంచి పోరుతున్నాడు. సైకిల్ ముందు చక్రం విప్పి, పాత దుప్పటి చుట్టి, బస్సు డిక్కీలో పడుకోబెట్టి కడప చేరాను. కండక్టర్ లగేజీ టికెట్ కొట్టి, దిగేటప్పుడు తనే వచ్చి ఒక చెయ్యి వేశాడు.

మొదటి రోజు తెల్లవారుజామున ఐదున్నరకే బయలుదేరాం. సిద్ధవటం పోవాలంటే ముందు రాజంపేట రోడ్డు పట్టుకుని భాకరాపేట దాకా పోవాలి. సుమారు పదిహేను కిలోమీటర్ల ఈ ముక్క నాకు నచ్చలేదు. హైవే కాబట్టి తిరుపతి బస్సులు, లారీలు ఆ వేళకే మొదలవుతాయి. కనుమలోపల్లె దగ్గర కొండలు దగ్గరికొచ్చి చూడ్డానికి బాగుంటుంది గానీ, తల తిప్పి చూసే ధైర్యం ఉండదు. వెనక ఎర్ర లైటు, ఒంటి మీద మెరిసే జాకెట్ లేకుండా ఇక్కడ తొక్కొద్దు. పిల్లలతో వచ్చేవాళ్లు సైకిళ్లు ఆటోలో వేసుకుని భాకరాపేటలో దిగి మొదలుపెట్టడమే మంచిది.

భాకరాపేటలో ఎడమకు తిరగ్గానే లోకం మారిపోతుంది. హైవే హోరు రెండు మూడు నిమిషాల్లో వెనక్కి పోయింది. కాసేపు నా చైను చప్పుడు నాకే కొత్తగా వినిపించింది. ఇంకాస్త ముందుకు పోతే పెన్నా. వంతెన మీద ఆగాం. ఆ ఉదయం నదిలో నీళ్లు మూడు పాయలుగా పారుతున్నాయి, మధ్యలో ఇసుక మేటలు. ఒక మేట మీద కొంగలు, అన్నీ ఒకే దిక్కుకు తిరిగి నిలబడి ఉన్నాయి. వంతెన గోడకు సైకిల్ ఆనించి పావుగంట ఉంటే, మమ్మల్ని దాటి పోయినవి ఒక బస్సు, రెండు మోటారు సైకిళ్లు, ఒక పాల ఆటో.

ఈ నది వల్లే సిద్ధవటం తన పెద్దరికం పోగొట్టుకుంది. 1808 నుంచి 1812 దాకా జిల్లా కేంద్రం ఇదే. వరదొస్తే పెన్నా అడ్డం పడి, ఊరికి బయటితో రాకపోకలు తెగిపోయేవి. అందుకే దొరలు కచేరీలు కడపకు మార్చేశారు. జిల్లా కేంద్రంగానే ఉండిపోయి ఉంటే ఈ దారి కూడా ఈపాటికి నాలుగు లైన్ల రోడ్డు అయ్యేదేమో అనిపించింది. ఇప్పుడది చెట్ల నీడలో పడుకున్న ఊరు. సిద్ధులు, వటవృక్షాలు ఉన్న చోటు కాబట్టి ఆ పేరు వచ్చిందంటారు. మట్లి రాజుల కోట నది ఒడ్డునే ఉంది. లోపల సిద్ధేశ్వరుడి గుడీ ఉంది, మసీదూ దర్గా కూడా ఉన్నాయి. గోడ ఎక్కి చూస్తే బురుజు పక్కనే పెన్నా ఇసుక. గంటసేపు తీరిగ్గా తిరగొచ్చు. సైకిళ్లు గేటు దగ్గర పెడితే అక్కడున్న పెద్దాయన "నేను చూస్తాంటా, పోయి రాపోండి" అన్నాడు. మేం తిరిగొచ్చేసరికి వాటిని ఎండలోంచి నీడకు జరిపి పెట్టాడు.

ఊళ్లో హోటల్లో ఉగ్గాని, మిరపకాయ బజ్జీ తిన్నాం. బొరుగులు మరీ మెత్తబడకుండా, పుట్నాల పొడి వేసి, వేడివేడిగా పెట్టారు. కడపలో ఎర్రకారం దోసె కూడా తిన్నాను గానీ, ముప్పై కిలోమీటర్లు తొక్కాల్సిన పొద్దున అంత నూనె, కారం పొట్టకు మంచిది కాదు. సైకిల్ ప్రయాణానికి ఉగ్గానే సరి.

అసలు దారి సిద్ధవటం దాటాక, బద్వేలు రోడ్డులో ఉంది. ఎడమవైపు లంకమల కొండలు. ఆ కొండలు, వాటి కింది చిట్టడవి కలిపి శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యం. 1988లో ప్రకటించారు, విస్తీర్ణం సుమారు 464 చదరపు కిలోమీటర్లు. ఎర్రచందనం ఉన్న అడవి. తారు రోడ్డు అంచు దాటితే ఎర్రమట్టి, గులకరాళ్లు, నడుమెత్తు ముళ్ల పొదలు, అక్కడక్కడా ఖాళీ నేల. నల్లమల చూసిన కళ్లకు మొదట ఇది అడవిలా అనిపించదు. కాసేపు తొక్కాక తెలుస్తుంది. పొదలోంచి కౌజు పిట్టలు ఒక్కసారిగా బుర్రుమని లేస్తాయి. పాలపిట్ట కరెంటు తీగ మీద నుంచి లేచిందంటే రెక్కల నీలం కంటికి తగులుతుంది. ఒకచోట నెమళ్లు రోడ్డు దాటుతుంటే పెడల్ ఆపి నిలబడ్డాం. నాలుగు పోయాయి. ఐదోది మాకేసి చూసి, తొందరేమీ లేనట్టు నడిచి వెళ్లింది.

కలివికోడి నేల ఇది. కలివి పొదల్లో తిరుగుతుంది కాబట్టి ఆ పేరు. జెర్డన్ అనే ఇంగ్లీషు డాక్టరు చూపిన ఈ పక్షిని 1848లో శాస్త్ర లోకం నమోదు చేసింది. 1900 తర్వాత కనబడక, అంతరించిపోయిందనే అనుకున్నారు. 1986 జనవరిలో ఈ లంకమల అంచునే, రెడ్డిపల్లె దగ్గర మళ్లీ దొరికింది. పగలు పొదల కింద ఉండి రాత్రి తిరిగే పక్షి. అందుకని పరిశోధకులు పొదల మధ్య మెత్తటి మట్టి పరిచి, పొద్దున్నే దాని మీద పాదాల గుర్తులు వెతికేవాళ్లు. తెలుగుగంగ కాలువ ఈ నేల మీదుగా రావాల్సింది, పక్షి కోసం దారి మళ్లించారు. నీళ్ల కోసం కొట్లాడే సీమలో, ఒక పిట్ట కోసం కాలువ పక్కకు జరిగిందంటే చిన్న విషయం కాదు.

సిద్ధవటం దాటి ఏడెనిమిది కిలోమీటర్లు పోయాక నా వెనక చక్రం మెత్తబడింది. చింతచెట్టు కింద సైకిల్ తలకిందులు చేశాం. టైరు లోపల వేలితో తడుముతూ పోతే, చిగురు చివరంత ఏదో గుచ్చుకుంది. బయట నుంచి చూస్తే ఏమీ లేదు. గోటితో పట్టు దొరకలేదు. మేనల్లుడు సేఫ్టీ పిన్నుతో లోపల నుంచి తోస్తే, సర్కారు తుమ్మ ముల్లు నల్లటి కొన బయటికి వచ్చింది. బియ్యపు గింజంత కూడా లేదు. దాన్ని తీయకుండా కొత్త ట్యూబు వేసి ఉంటే ఐదు నిమిషాల్లో మళ్లీ దిగేది. ఈ దారిలో వచ్చేవాళ్లు పంక్చరు ప్యాచ్‌లతో పాటు ఒక చిన్న పట్టకారు కూడా పెట్టుకోండి. సన్న టైర్ల రేసు సైకిల్ కంటే కాస్త లావు టైర్లే మేలు. నీడ కోసమైనా సరే రోడ్డు దిగి పొదల్లోకి తోయకండి, పల్లేరు కాయలు కాచుకుని ఉంటాయి. గేరు సైకిల్ బాగుచేసే షాపు మాకు దారిలో కనబడలేదు. చేతనైనంత మనమే చేసుకోవాలి.

మేం చక్రం బిగిస్తుంటే మేకలు తోలుకుంటూ ఒక పెద్దామె వచ్చింది.

"యాడ్నుంచి వచ్చినారు నాయనా?"

"అనంతపురం నుంచి అవ్వా."

"అంత దూరం నుంచి ఈ సైకిల్ మీదనే?"

కడప దాకా బస్సులో వచ్చామని చెబితే కుదుటపడింది. "ఎలుగొడ్లు తిరుగుతాండాయి. పొద్దు గూకక ముందే ఏరు దాటుకోండి" అని, మా సీసాలు చూసి, ముందున్న ఊళ్లో బోరు ఎక్కడుందో చెప్పి పోయింది.

ఆ మాట అందరూ వినాలి. మేనల్లుడికి సాయంత్రం దాకా ఉండి, చీకటి పడేవేళ కలివికోడి కూత వినాలని ఆశ. నేను ఒప్పుకోలేదు. రోడ్డు అందరిదీ, అడవి లోపలి బాటలు కాదు. అనుమతి లేకుండా లోపలికి పోకూడదు. ఎర్రచందనం దొంగల కోసం చీకట్లో కాపలా కాసేవాళ్లకు మనం ఎవరమో ఎలా తెలుస్తుంది? ఎలుగుబంట్లు, చిరుతలు సరేసరి. అన్నిటికంటే, ఇంత అరుదైన పక్షి పొదల్లోకి మన లైట్లతో, ఫోన్లలో కూతలు మోగించుకుంటూ పోవడం నాకు అస్సలు ఇష్టం లేదు. దానికి మిగిలింది ఈ కొంచెం రాత్రే. నాలుగు గంటలకే వెనక్కి తిప్పాం. వాడు వంతెన దాకా మాట్లాడలేదు. అక్కడ ఆగి, "నువ్వు చెప్పింది కరెక్టే మామా" అన్నాడు.

బసకు కడప ఊరే మంచిది. కాకపోతే సైకిల్ సంగతి ముందే తేల్చుకోండి. మొదటి రాత్రి బస చేసిన లాడ్జిలో ఫోన్ చేసినప్పుడు "సైకిల్ పెట్టుకోవచ్చు" అన్నారు. తీరా వెళ్లాక గదిలోకి వద్దని, కింద జనరేటర్ పక్కన పెట్టించారు. పొద్దున చూస్తే గాలి పంపు, ముందు లైటు లేవు. అడిగితే మాకేం తెలుసన్నారు. ఆ పంపు లేకుండానే అడవి దారికి పోయి ఉంటే మా పరిస్థితి ఏంటి? మేనల్లుడి దగ్గర ఇంకోటి ఉంది కాబట్టి సరిపోయింది. రెండో రాత్రి వేరే చిన్న లాడ్జికి మారాం. గది ఇరుకే, వేడినీళ్లు పొద్దున ఏడు దాకానే. కానీ ఓనరు పాత న్యూస్‌పేపర్లు తెచ్చి మంచం పక్కన పరిచి "ఇక్కడ పెట్టుకోండి సార్" అన్నాడు. సైకిల్ మీద వచ్చేవాడికి ఏసీ కంటే అదే పెద్ద సౌకర్యం.

రెండో రోజు పొద్దున ఒంటిమిట్ట. గుడి గురించి చెప్పేదేముంది, సీతారామలక్ష్మణులు ఒకే శిలలో ఉన్న కోదండరాముణ్ని చూడ్డానికి ఎంత దూరమైనా రావొచ్చు. సైకిల్ దారిగా మాత్రం కాదు, మొత్తం హైవేనే. సాయంత్రం పుష్పగిరి. కర్నూలు రోడ్డులో చెన్నూరు వైపు పోయి పక్కకు తిరగాలి. ఊరికీ కొండ మీది చెన్నకేశవుడి గుడికీ నడుమ పెన్నా. చిన్న దారి, పొలాల మధ్య. కొత్తగా తొక్కేవాళ్లకు, పదేళ్ల పిల్లలకు ఇదే చెప్తాను. నీళ్లు ఎక్కువగా ఉంటే ఏరు దాటే ప్రయత్నం చేయకండి, ఒడ్డు నుంచి చూసినా బాగుంటుంది.

మూడో రోజు గండికోట. సైకిళ్లు కారులో వేసుకుని జమ్మలమడుగు పోయి, అక్కడి నుంచి పదిహేను కిలోమీటర్లు తొక్కాం. రోడ్డు బాగుంది, మెల్లగా ఎక్కుడు. అదే పెన్నా ఇక్కడ ఎర్రమల కొండల్ని చీల్చుకుని లోతున పారుతుంది. పర్యాటక శాఖ హోటల్ గది శుభ్రంగా ఉంది, రాగిసంగటి, నాటుకోడి పులుసు రుచిగా ఉన్నాయి. తెల్లవారి నడిచి లోయ అంచుకు పోవచ్చు. బస వరకు చూస్తే మూడింటిలో ఇదే మొదటిది. కానీ మేం పోయింది శనివారం. ఎనిమిది దాటాక కార్లు, సైలెన్సర్ తీసేసిన బైకులు, స్పీకర్లు. ప్రశాంతంగా తొక్కాలంటే వారం మధ్యలో రండి.

కాలం సంగతి. నవంబరు చివరి నుంచి ఫిబ్రవరి దాకానే ఈ దారులు. మార్చి నుంచి కడప ఎండ తట్టుకోవడం మనవల్ల కాదు. అక్టోబరు, నవంబరులో వాయుగుండాలు పడితే ఏరు ఎప్పుడు పొంగుతుందో చెప్పలేం. సిద్ధవటం దాటితే మనిషికి మూడు లీటర్ల నీళ్లు తప్పనిసరి.

సంక్రాంతి తర్వాత మళ్లీ పోతున్నాం, ఈసారి అనంతపురం నుంచి నలుగురం. గండికోట లేదు, ఒంటిమిట్ట లేదు. రెండు పూటలూ సిద్ధవటం వంతెన అవతలే, అట్లూరు దాకా. ఆ చిన్న లాడ్జి ఓనరుకు ఫోన్ చేసి నాలుగు సైకిళ్లని చెప్పాను. "పేపర్లు ఎక్కువ కావాలయితే" అన్నాడు.