టోస్ట్‌మాస్టర్స్‌లోనే ఉండాలా, సొంత క్లబ్ పెట్టుకోవాలా: ఏది మేలు?

రెన్యువల్ టైమ్ వస్తే చాలు మా హైదరాబాద్ క్లబ్ వాట్సాప్ గ్రూపులో మళ్ళీ అదే చర్చ, ఆరు నెలలకి 60 డాలర్లు కట్టి టోస్ట్‌మాస్టర్స్‌లోనే (నలుగురి ముందు మాట్లాడటం నేర్చుకునే క్లబ్బుల అంతర్జాతీయ సంస్థ) ఉందామా లేకపోతే బయటికొచ్చి మనమే ఒక క్లబ్ పెట్టుకుందామా అని. 60 డాలర్లంటే మన డబ్బుల్లో దాదాపు 5 వేలు, ఏడాదికి 10 వేలు. డిగ్రీ అయిపోయి ఉద్యోగం వెతుక్కుంటున్న పిల్లలకి అది చిన్న మొత్తమేం కాదు.

అసలు బాధ డబ్బు ఒక్కటే కాదండీ. 1924లో కాలిఫోర్నియా శాంటా ఆనాలో రాల్ఫ్ స్మెడ్లీ వైఎంసీఏలో మొదలుపెట్టిన ఈ క్లబ్బుల్ని ఇప్పటికీ నడిపేది వాలంటీర్లే. మీటింగులో స్పీచ్‌ల టైమ్ చూసే టైమర్ నుంచి క్లబ్ ప్రెసిడెంట్, ఏరియా డైరెక్టర్, డిస్ట్రిక్ట్ డైరెక్టర్, చివరికి ఇంటర్నేషనల్ ప్రెసిడెంట్ దాకా ఎవరికీ జీతం లేదు. జీతాలుండేది కొలరాడోలోని హెడ్డాఫీసు స్టాఫ్‌కి, సీఈఓకి. అమెరికాలో ఇలాంటి నాన్‌ప్రాఫిట్‌లు ఏటా ఫారం 990 అనే లెక్కల నివేదిక దాఖలు చేస్తాయి, పైస్థాయి వాళ్ళ జీతాలు అందులో ఎవరైనా చూసుకోవచ్చు, సీఈఓది లక్షల డాలర్లలో ఉంటుంది. వేల క్లబ్బులున్న సంస్థకి మంచి సీఈఓ కావాలంటే మంచి జీతం ఇవ్వాల్సిందే, దాన్ని నేను తప్పు పట్టను. కానీ జీతం తీసుకునేవాళ్ళు జవాబు చెప్పాలి కదా.

ఎందుకంటే లెక్క చూడండి. 2020 ప్రాంతంలో సుమారు 3,64,000 మంది సభ్యులు, 2023కి వచ్చేసరికి సుమారు 2,70,000, అంటే నాలుగో వంతు పోయారు. కోవిడ్, జూమ్ మీటింగులతో విసుగు, ఆఫీసులకి జనం రాక కార్పొరేట్ క్లబ్బులు మూతపడటం, ఇవన్నీ నిజమే. కానీ 2023 అక్టోబర్ నుంచి ఆరు నెలల డ్యూస్ (సభ్యత్వ రుసుము) 45 డాలర్ల నుంచి 60కి పెంచారు. పాత సభ్యుల్ని ఏడాదికి 90 డాలర్లతో, మిగిలినవాళ్ళని 120తో గుణించండి, రెండూ దాదాపు 3 కోట్ల 25 లక్షల డాలర్ల దగ్గరే ఆగుతాయి! వెళ్ళిపోయినవాళ్ళ లోటు ఉన్నవాళ్ళ మీద పడిందనేగా అర్థం. నాకు మనసు కష్టమనిపించేది ఇక్కడే, వదిలి వెళ్ళినవాళ్ళని వెనక్కి తెచ్చుకోవడం కన్నా ఉన్నవాళ్ళ దగ్గర ఎక్కువ తీసుకోవడం తేలికైన దారి.

రోటరీతో పోల్చి చూస్తే తేడా తెలుస్తుంది. అక్కడ కూడా జీతం తీసుకునే జనరల్ సెక్రటరీ ఉంటారు, సభ్యులు కూడా ఏళ్ళ తరబడి 12 లక్షల దగ్గరే ఆగిపోయారు. కానీ డ్యూస్ పెంచాలంటే మూడేళ్ళకోసారి ప్రతి డిస్ట్రిక్ట్ ప్రతినిధి కూర్చునే కౌన్సిల్‌లో ఓటు పడాలి. టోస్ట్‌మాస్టర్స్‌లో 2023 పెంపు బోర్డు నిర్ణయం.

సరే, సొంత క్లబ్ సంగతి. ఖర్చు దాదాపు సున్నా, కాలనీ లైబ్రరీ హాలో అపార్ట్‌మెంట్ కమ్యూనిటీ హాలో చాలు, తెలుగులోనూ మాట్లాడుకోవచ్చు, ఎజెండా మనిష్టం. ఆకుపచ్చ, పసుపు, ఎరుపు కార్డులు చూపించి ఐదు నుంచి ఏడు నిమిషాల్లో స్పీచ్ ముగించడం, తర్వాత ఒకరు లేచి మంచీ చెడూ చెప్పడం, దీనికి ఎవరి అనుమతీ అక్కర్లేదు, పేరూ వాళ్ళ మెటీరియలూ వాడకుండా ఉంటే చాలు. పోయేవి మాత్రం గట్టివే. పాత్‌వేస్ అనే వాళ్ళ స్పీచ్ శిక్షణ కోర్సు ఉండదు, ఏరియా నుంచి వరల్డ్ ఫైనల్ దాకా వెళ్ళే పోటీలు ఉండవు, ఊరు మారితే అక్కడి క్లబ్‌కి మారే వీలుండదు (డల్లాస్ వెళ్ళిన మా ఫ్రెండ్‌కి మొదటి పరిచయాలన్నీ అక్కడి క్లబ్‌లోనే అయ్యాయి). అన్నిటికన్నా ముఖ్యం, వెబ్‌సైట్‌లో వెతుక్కుని తలుపు తట్టే కొత్తవాళ్ళు రారు. కొత్త మొహాలు రాకపోతే ఏడాదిలో ఆ పదిమందే ఒకరి కథలు ఒకరు మళ్ళీ మళ్ళీ వింటూ కూర్చుంటారు, అలా ఆగిపోయిన క్లబ్ ఒకటి నేను కళ్ళారా చూశాను.

నన్నడిగితే స్టేజ్ అంటే కాళ్ళు వణికే కొత్తవాళ్ళకి టోస్ట్‌మాస్టర్సే మేలు, కనీసం ఒక ఏడాది. నేను ఐస్‌బ్రేకర్ (అంటే క్లబ్‌లో మొదటి) స్పీచ్ ఇచ్చిన రోజు చేతిలో కాగితం వణికింది, ఎవరూ నవ్వలేదు, అయ్యాక ఒక పెద్దాయన వచ్చి రెండే రెండు మాటలు చెప్పారు, అవి ఇప్పటికీ పనికొస్తున్నాయి, అలాంటి వాతావరణం రాత్రికి రాత్రి తయారవదు. పాత్‌వేస్‌లో అన్ని లెవెల్సూ పూర్తిచేసి, పోటీల మీద ఆసక్తి పోయి, కేవలం నలుగురితో మాట్లాడుకోవడానికి వచ్చేవాళ్ళయితే సొంత క్లబ్ పెట్టుకోవడమే మంచిది, ఆ 10 వేలతో హాలు అద్దె కట్టి ఇద్దరు స్టూడెంట్స్‌ని ఉచితంగా చేర్చుకోవచ్చు.

కానీ వెళ్ళేముందు ఒక పని చేయండి. ఏటా ఆగస్టులో జరిగే టోస్ట్‌మాస్టర్స్ బిజినెస్ మీటింగ్‌లో ప్రతి క్లబ్‌కీ రెండు ఓట్లుంటాయి. చాలా క్లబ్బులు ఏమీ ఆలోచించకుండా ప్రాక్సీ (తమ బదులు ఓటేసే హక్కు) డిస్ట్రిక్ట్ డైరెక్టర్‌కి ఇచ్చేస్తాయి, మేమూ ఇన్నేళ్ళు అదే చేశాం. ఈసారి మా రెండు ఓట్లు మేమే వేస్తాం, బోర్డుకి నిలబడ్డ ప్రతి ఒక్కరికీ ముందే మెయిల్ పెట్టి సీఈఓ జీతానికీ సభ్యుల సంఖ్యకీ ఏం లంకె పెడతారో అడుగుతాం, జవాబు చూశాకే రెన్యువల్ సంగతి తేల్చుకుంటాం.