హాస్పిటల్ బయోమెడికల్ కోర్సుకి ఫీజు కట్టబోతున్నారా? ఆగండి

అమీర్‌పేట వైపు ఒక సంస్థ "యూనివర్సిటీ సర్టిఫికెట్‌తో క్లినికల్ ఇంజనీరింగ్ పీజీ డిప్లొమా" అని, అంటే హాస్పిటల్ పరికరాల నిర్వహణ కోర్సని చెప్పి ఫీజంతా ముందే కట్టించుకుంటోంది. ఈసీఈ, ఈఈఈ చేసి హాస్పిటల్ ఉద్యోగాలు వెతుక్కునేవాళ్లే వీళ్ల గిరాకీ. జాగ్రత్త.

ల్యాబ్‌లో మానిటర్, వెంటిలేటర్, గుండెకి షాక్ ఇచ్చే డీఫిబ్రిలేటర్ వరసగా పేర్చి ఉంటాయి. చూసి మురిసిపోకండి. వెంటిలేటర్ వెనక్కి వెళ్లి చూస్తే ఆక్సిజన్ పైపూ లేదు, ఎయిర్ కంప్రెసరూ లేదు. టర్బైన్ మోడల్ అయితే గాలి అదే లాక్కునేది, ఇది అది కాదు. మెనూలు తిప్పడం తప్ప పెట్టిన టైడల్ వాల్యూమ్ (ఒక్కో శ్వాసకి పంపే గాలి) వస్తోందో లేదో చూసే దారే లేదు. టెస్ట్ లంగ్ (ఊపిరితిత్తికి బదులు తగిలించే సంచి), గాలి కొలిచే ఫ్లో అనలైజర్ ఏవంటే "ఆర్డర్ పెట్టాం" అంటారు.

అంతకన్నా ఘోరం లీకేజ్ కరెంట్ పాఠం, అంటే పరికరం నుంచి మనిషికి పాకే కరెంట్‌ని కొలవడం. దానికోసమే ఉండే సేఫ్టీ అనలైజర్ లేకుండా మామూలు మల్టీమీటర్‌తో కానిచ్చేస్తున్నారు. గుండెకి నేరుగా తగిలే సీఎఫ్ రకం పరికరాల్లో, వైద్య పరికరాల భద్రతకి అంతర్జాతీయ ప్రమాణమైన ఐఈసీ 60601-1 ప్రకారం, పేషెంట్ లీకేజ్ మామూలుగా 10 మైక్రోఆంప్స్, ఒక లోపం ఉన్నప్పుడు 50 దాటకూడదు. అది కొలవాలంటే మనిషి ఒంటికి బదులుగా 1 కిలోఓమ్ సర్క్యూట్ ఉండాలి; ఎర్త్ తీసేసి ఒకసారి, న్యూట్రల్ తీసేసి ఒకసారి, ఫేజ్, న్యూట్రల్ తారుమారు చేసి మళ్లీ చూడాలి. వీళ్లేమో మల్టీమీటర్‌లో కంటిన్యుటీ బీప్ (వైరు తెగలేదని చెప్పే మోత) రాగానే "పాస్" రాయిస్తున్నారు. ఆ బీప్ పదుల ఓమ్‌లున్నా మోగుతుంది. ఊడదీసే పవర్ కార్డ్‌తో కలిపి ఎర్త్ రెసిస్టెన్స్‌కి పరిమితి 0.2 ఓమ్!

డీఫిబ్రిలేటర్‌దీ అదే తంతు. 50 ఓమ్‌ల లోడ్‌లోకి షాక్ ఇచ్చి కొలవాలి, 200 జౌల్స్ పెడితే 170 నుంచి 230 లోపు రావాలి. సెల్ఫ్ టెస్ట్‌కి ఓకే వస్తే అదే క్యాలిబ్రేషన్ (కొలిచి సరిచూడటం) అని నేర్పుతున్నారు. ఇంటర్వ్యూలో మొదటి ప్రశ్నకే దొరికిపోతారు.

ఇక సర్టిఫికెట్. సెంటర్ పేరు పెద్దగా, యూనివర్సిటీ లోగో మూలన, రిజిస్ట్రార్ సంతకం ఎక్కడా లేదు. ఫ్రాంచైజీ సెంటర్లలో కోర్సులు నడపడాన్ని యూజీసీ ఒప్పుకోదు. యూనివర్సిటీ చదువే కావాలంటే ఉస్మానియా ఇంజనీరింగ్ కాలేజీలో, ఐఐటీ హైదరాబాద్‌లో బయోమెడికల్ విభాగాలున్నాయి.

డెమోకి వెళ్తే అనలైజర్ల క్యాలిబ్రేషన్ సర్టిఫికెట్లు అడిగి తేదీలు చూడండి. రసీదు మీద కోర్సు పేరు, యూనివర్సిటీ పేరు రాయించుకోండి. వీళ్లు "అడ్మిన్ చార్జీలు" అని రాసిచ్చి, డబ్బు వాపసు అడిగితే ఆ ముక్కే చూపిస్తున్నారు. ఇప్పటికే కట్టేసినవాళ్లు ఆ రసీదు దగ్గర పెట్టుకుని జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫిర్యాదు చేయండి.