సుమో ట్రాఫిక్ సిమ్యులేటర్ రివ్యూ: బొమ్మ వెంటనే వస్తుంది, నంబర్‌కి మాత్రం పని చెయ్యాలి

రవాణా మీద వచ్చే రీసెర్చ్ చదివేవాళ్ళకి "సిమ్యులేషన్ సుమోలో చేశాం" అన్న లైను తరచుగా కనపడుతూనే ఉంటుంది. సిగ్నళ్ళని ఏఐతో నడపడం కావచ్చు, ఎలక్ట్రిక్ బస్సుల చార్జింగ్ కావచ్చు, డెలివరీ వ్యాన్ల పొగ కావచ్చు, వెనకాల నడిచే ఇంజన్ చాలాసార్లు ఇదే. అందుకే పేపర్లని పక్కన పెట్టి, వాటిలోని లెక్కలు ఎక్కడ పుడుతున్నాయో ఆ సాఫ్ట్‌వేర్ గురించే రాద్దాం అనుకున్నా. ముందే చెప్పేస్తా, ఫ్రీగా దొరికేవాటిలో ఇంత లోతుగా ఇంత ఓపెన్‌గా ఉన్న ట్రాఫిక్ సిమ్యులేటర్ ఇంకోటి నేను వాడలేదు, ఈ సబ్జెక్ట్ మీద ఇష్టం ఉన్నవాళ్ళు తప్పకుండా ఇన్‌స్టాల్ చేసుకోండి. కాకపోతే స్క్రీన్ మీద బొమ్మ నిజమైన ఊరిలా కనపడటానికి పావుగంట చాలు, అందులోంచి వచ్చే నంబర్ నిజం అని నమ్మడానికి మాత్రం చాలా చూసుకోవాలి, అవేంటో ఎవరూ ఒకచోట చెప్పరు కాబట్టి ఈ రివ్యూలో ఎక్కువ భాగం దానికే ఇచ్చా.

తెలియని వాళ్ళ కోసం కొంచెం వివరం. జర్మన్ ఏరోస్పేస్ సెంటర్, అంటే డీఎల్‌ఆర్ వాళ్ళు 2000లో దీన్ని మొదలుపెట్టారు, 2001 నుంచి ఓపెన్ సోర్స్‌గా ఇస్తున్నారు, 2017 నుంచి ఎక్లిప్స్ ఫౌండేషన్ అనే ఓపెన్ సోర్స్ సంస్థ ప్రాజెక్ట్‌గా నడుస్తోంది. విండోస్, లినక్స్, మ్యాక్ దేంట్లో అయినా పనిచేస్తుంది. ఇది ఒక్కో బండిని విడివిడిగా నడిపే రకం, రోడ్డు మీద మొత్తం ఫ్లో ఎంత అని ఒక ఫార్ములా వేసి వదిలెయ్యదు, ప్రతి సెకనుకీ ప్రతి కారూ ముందున్న కారు ఎంత దూరంలో ఉంది, దాని స్పీడెంత అని చూసుకుని తన స్పీడ్ నిర్ణయించుకుంటుంది. దీనికి డిఫాల్ట్‌గా వాడేది స్టెఫాన్ క్రౌస్ 1998లో తన థీసిస్‌లో ఇచ్చిన మోడల్ ఆధారంగా చేసింది. కారు పొడవు 5 మీటర్లు, ఆగినప్పుడు ముందు వదిలే ఖాళీ 2.5 మీటర్లు, ముందు బండికి ఒక సెకను గ్యాప్, ఇంకా డ్రైవర్ కచ్చితంగా నడపడు కాబట్టి సిగ్మా అని 0.5 విలువతో కొంత తడబాటు. ఈ నంబర్లు గుర్తుపెట్టుకోండి, తర్వాత అవసరం పడతాయి.

మొదటిసారి వాడేవాళ్ళు సుమోతో వచ్చే ఓఎస్‌ఎం వెబ్ విజార్డ్ అనే టూల్‌తో మొదలుపెట్టండి. బ్రౌజర్‌లో మ్యాప్ వస్తుంది, ఏరియా సెలెక్ట్ చేసి, కార్లు, బస్సులు, సైకిళ్ళు, నడిచేవాళ్ళు ఏవేవి కావాలో టిక్ పెట్టి బటన్ నొక్కితే ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ నుంచి రోడ్లన్నీ లాక్కొచ్చి, వాటి మీద బండ్లు వదిలేసి చూపిస్తుంది. ఆ మొదటి అనుభవం చాలా బాగుంటుంది, మన కళ్ళ ముందే జంక్షన్లలో క్యూలు పెరగడం తగ్గడం కనపడుతుంటే అలా చూస్తూ ఉండిపోతాం. కానీ అక్కడ కనపడేది ఆ ఊరి ట్రాఫిక్ కాదండీ, ఆ ఊరి రోడ్ల మీద ర్యాండమ్ ట్రిప్స్ అనే స్క్రిప్ట్ వదిలిన బండ్లు. ఎక్కడ బయల్దేరాలి ఎక్కడికి వెళ్ళాలి అన్నది లాటరీయే, పొద్దున ఇళ్ళ నుంచి ఆఫీసులకి వెళ్ళే వరస దానికి తెలీదు. మ్యాప్‌లో లేన్లు ఎన్నో రాసి లేకపోతే రోడ్డు రకాన్ని బట్టి ఊహించుకుంటుంది, సిగ్నల్ టైమింగ్స్ మ్యాప్‌లో ఉండవు కాబట్టి తనే ఒక ప్లాన్ తయారుచేస్తుంది, మామూలుగా 90 సెకన్ల సైకిల్, అంటే అన్ని వైపులకీ ఒక చుట్టు గ్రీన్ ఇవ్వడానికి పట్టే సమయం. ఇక్కడ ఒక మాట, ఏదైనా పేపర్లో "మా ఏఐ సిగ్నల్ వెయిటింగ్ టైమ్‌ని బాగా తగ్గించింది" అని చదివితే దేంతో పోల్చారో వెతకండి. ఈ ఆటోమేటిక్ 90 సెకన్ల ప్లాన్‌తో పోల్చుంటే ఆ గెలుపుకి పెద్ద విలువ లేదు, ఎందుకంటే ఒక సిగ్నల్ ఇంజనీర్ చేత్తో ట్యూన్ చేసిన ప్లాన్ కూడా దాన్ని ఓడించగలదు.

నాకు బాగా నచ్చింది ఏంటంటే, చదివిన ప్రయోగాల్ని మనం ఇంట్లో కూర్చుని తిప్పి చూసుకోవచ్చు. 2008లో జపాన్‌లో సుగియామా టీమ్ 230 మీటర్ల గుండ్రటి ట్రాక్ మీద 22 కార్లని గంటకి 30 కిలోమీటర్ల స్పీడ్‌లో తిరగమన్నారు, సిగ్నల్ లేదు, ఇరుకు లేదు, యాక్సిడెంట్ లేదు, అయినా కాసేపటికి జామ్ పుట్టి అల లాగా వెనక్కి జరుగుతూ పోయింది. దీన్ని సుమోలోనే రోడ్లు గీసుకునే నెట్‌ఎడిట్ అనే టూల్‌లో ట్రాక్ గీసి చేసుకోవచ్చు, సిగ్మా సున్నా పెడితే కార్లన్నీ సాఫీగా తిరుగుతాయి, పెంచుతూ పోతే ఆగడం కదలడం మొదలవుతుంది, అదేపనిగా చూడాలనిపిస్తుంది. అయితే డిఫాల్ట్ నంబర్లతో చేస్తే ఆ 30 రానే రాదు. లెక్క చూడండి, 230ని 22తో భాగిస్తే ఒక్కో కారుకి దాదాపు పదిన్నర మీటర్లు, అందులో కారు 5, కనీస ఖాళీ 2.5 తీసేస్తే మిగిలేది 3 మీటర్ల లోపే, ఒక సెకను గ్యాప్ రూల్ ప్రకారం స్పీడ్ సెకనుకి 3 మీటర్ల దగ్గర ఆగిపోతుంది, అంటే గంటకి పది పదకొండు కిలోమీటర్లు. నిజం మనుషులు అంతకంటే దగ్గరదగ్గరగా నడిపారు, కాబట్టి గ్యాప్ తగ్గించి, కారు పొడవు మార్చి ట్యూన్ చేస్తే గానీ ఆ ప్రయోగం దగ్గరికి రాదు. ఒక చిన్న గుండ్రటి ట్రాక్‌కే ఇంత తేడా ఉంటే, ఊరు మొత్తం డిఫాల్ట్‌లతో నడిపి ఇచ్చిన ఫలితాన్ని ఎంత జాగ్రత్తగా చదవాలో చూడండి. 2018లో స్టెర్న్ బృందం ఇలాంటి గుండ్రటి ట్రాక్ మీదే ఒక్క అటానమస్ కారు పెట్టి ఆ అలని అణిచేసింది, ఇంధనం 40 శాతం దాకా తగ్గిందని చూపించారు. యూసీ బర్క్‌లీ వాళ్ళ ఫ్లో అనే టూల్ ఇలాంటి కారుకి ఎలా నడపాలో నేర్పించడానికి సుమోనే కింద పెట్టుకుంది.

ఇప్పుడు అసలు విషయానికి వస్తా. కొత్తవాళ్ళు అందరూ తెలుసుకోవాల్సింది టెలిపోర్ట్. ఒక బండి 300 సెకన్లు కదలకుండా ఇరుక్కుపోతే సుమో దాన్ని అక్కడ నుంచి ఎత్తేసి, దాని రూట్‌లోనే ముందు ఖాళీ దొరికిన చోట దింపుతుంది. జంక్షన్ మొత్తం లాక్ అయిపోయి సిమ్యులేషన్ ఆగిపోకుండా ఉండటానికి పెట్టారు, కారణం సరైందే, కానీ పూర్తిగా జామ్ అయిన రోడ్ల మీద ఇది నిశ్శబ్దంగా జామ్‌ని విప్పేస్తుంది. రన్ అయ్యాక వార్నింగ్స్‌లో టెలిపోర్ట్‌ల సంఖ్య చూడండి, అది పెద్దదైతే మీ నెట్‌వర్క్‌లో ఎక్కడో లేన్ కనెక్షన్ తప్పు ఉందనో, రోడ్డు పట్టనన్ని బండ్లు వదిలారనో అర్థం. ఆ 300 సెకన్ల సెట్టింగ్‌లో మైనస్ 1 పెడితే టెలిపోర్ట్ ఆగిపోతుంది, అప్పుడు అసలు పరిస్థితి బయటపడుతుంది.

రెండోది ఇంతకంటే తెలివిగా దాక్కుంటుంది. రోడ్డు నిండిపోయి ఉంటే కొత్త బండిని సుమో లోపలికి దింపదు, బయట వెయిటింగ్‌లో ఉంచుతుంది, ఆ ఆలస్యం డిపార్ట్ డిలే అని వేరే కాలమ్‌లో వస్తుంది గానీ ప్రయాణ సమయంలో కలవదు. పైగా సిమ్యులేషన్ ముగిసే టైమ్‌కి ఇంకా దారిలో ఉన్న బండ్లు ట్రిప్ రిపోర్ట్‌లోకి మామూలుగా రావు, ప్రత్యేకంగా ఆప్షన్ పెట్టి అడగాలి. ఈ రెండూ కలిస్తే ఏమవుతుందంటే రోడ్డు ఎంత ఘోరంగా జామ్ అయితే అంత మంది లెక్కలోంచి తప్పుకుంటారు, సగటు చూస్తే బాగానే ఉన్నట్టు కనపడుతుంది. అదే లెక్క పట్టుకుని రెండు డిజైన్లని పోలిస్తే చెత్త డిజైన్ గెలిచే అవకాశం కూడా ఉంది! ఇది సాఫ్ట్‌వేర్ తప్పని నేను అనను, డాక్యుమెంటేషన్‌లో స్పష్టంగానే రాశారు, కానీ ఇంత ముఖ్యమైనవి మొదటి పాఠంలోనే పెద్ద అక్షరాల్లో ఉండాలి.

ఇంకోటి, ర్యాండమ్ సీడ్, అంటే లాటరీ నంబర్లు ఏ వరసలో రావాలో నిర్ణయించే మొదటి నంబర్, డిఫాల్ట్‌గా మారదు. మళ్ళీ రన్ చేస్తే మళ్ళీ అదే ఫలితం వస్తుంది, "చూశారా ప్రతిసారీ అదే వస్తోంది" అని సంబరపడితే లాభం లేదు, సీడ్ మార్చి చాలాసార్లు నడిపి ఫలితాలు ఎంత చెదురుతున్నాయో చూడాలి.

డిమాండ్ దగ్గర దీని హద్దు బాగా తెలుస్తుంది. బండ్లు ఎన్ని, ఎక్కడికి అన్నది మనమే ఇవ్వాలి, సుమో దాన్ని మార్చదు. రోడ్డు వెడల్పు చేస్తే కొత్త ట్రాఫిక్ వచ్చి పడుతుందని డ్యురాంటన్, టర్నర్ 2011లో అమెరికా నగరాల డేటాతో చూపించారు, రోడ్డు ఎంత శాతం పెరిగితే బండ్లు తిరిగే దూరం కూడా దాదాపు అంతే శాతం పెరుగుతోందని. సుమోలో ఒక లేన్ కలిపి అవే బండ్లతో నడిపితే ఇది ఎప్పటికీ కనపడదు, కలిపిన లేన్ మామూలుగా లాభంగానే తేలుతుంది. సస్టైనబుల్ మొబిలిటీ అని పేరు పెట్టుకున్న పని ఏదైనా ఇక్కడ ఆగి ఆలోచించాలి, నేను దీని గురించి ఇంత గట్టిగా చెప్పడానికి కారణం అదే, ఇలాంటి బొమ్మలు చూపించి నిజం రోడ్లు కడతారు కదా. మనుషులు రోజంతా ఏం చేస్తారు, కారు వదిలి బస్సెక్కుతారా అన్నది కావాలంటే మాట్‌సిమ్ లాంటి ఇంకో సిమ్యులేటర్ చూడండి, అది రోజువారీ పనుల ప్లాన్ల మీద నడుస్తుంది, బండి కదలిక మాత్రం సుమో అంత వివరంగా ఉండదు. రోడ్డు మీద లెక్కపెట్టిన కౌంట్లు మీ దగ్గర ఉంటే సుమోలోనే రూట్ శాంప్లర్ అనే టూల్ ఉంది, ఆ కౌంట్లకి దగ్గరగా వచ్చేలా బండ్లని ఎంచుతుంది, ఎంత దగ్గరగా వచ్చిందో జీఈహెచ్ స్కోర్‌లో చెప్తుంది, 5 కంటే తక్కువ ఉంటే బాగున్నట్టు. వెబ్ విజార్డ్ తర్వాత నేర్చుకోవాల్సింది ఇదే.

అలాగే రూట్లు. సుమోలో రూట్లు లెక్కేసే డువారౌటర్ అనే టూల్‌ని ఒకసారి నడిపితే ఖాళీ రోడ్ల మీద తొందరగా చేరే దారి చూసి అందర్నీ దాంట్లోనే తోస్తుంది, డువా ఇటరేట్ అనే స్క్రిప్ట్‌తో మళ్ళీమళ్ళీ తిప్పితే జామ్ చూసి బండ్లు దారులు మార్చుకుంటూ సర్దుకుంటాయి. 1968లో బ్రాయెస్ చెప్పిన, కొత్త రోడ్డు వేస్తే అందరికీ ఆలస్యం పెరిగే విచిత్రాన్ని చూడాలంటే ఈ పద్ధతే కావాలి.

పొల్యూషన్ విషయానికొస్తే ప్రతి బండికీ ప్రతి సెకనుకీ కార్బన్ డయాక్సైడ్, నైట్రోజన్ ఆక్సైడ్లు, ఇంధనం అన్నీ ఇస్తుంది, ఎలక్ట్రిక్ బండికి బ్యాటరీ, బరువు, గాలి నిరోధం, చార్జింగ్ స్టేషన్లు అన్నీ పెట్టుకోవచ్చు. మంచి సదుపాయం. కాకపోతే పొగ లెక్కలు హెచ్‌బీఈఎఫ్‌ఏ అనే యూరప్ డేటాబేస్ మీద ఆధారపడ్డవి, యూరో ప్రమాణాల బండ్ల కోసం చేసినవి, పాత బండ్లు ఎక్కువ ఉన్న చోట అవే విలువలు వాడి టన్నుల్లో ప్రకటించడం సరికాదు. ముందు ఇంత, తర్వాత ఇంత అని పోలికకి వాడితే కొంత అర్థముంది. టూ వీలర్లు లేన్ పక్కనుంచి దూరిపోయే ట్రాఫిక్ మీది అయితే ఒకే లేన్‌లో బండ్లు పక్కపక్కన నడిచేలా చేసే సబ్‌లేన్ మోడల్ ఆన్ చెయ్యండి, డిఫాల్ట్‌లో బైక్ కూడా లేన్ మధ్యలో బుద్ధిగా కారు వెనకాల నిలబడుతుంది. ఎడమవైపు నడిచే ట్రాఫిక్‌కి వేరే ఆప్షన్ ఉంది, మర్చిపోవద్దు.

వాడకం సంగతి, ప్రతిదీ ఎక్స్‌ఎంఎల్ అనే టెక్స్ట్ ఫైలే, మొదట్లో విసుగొస్తుంది, తర్వాత అదే బాగుందనిపిస్తుంది, ఎందుకంటే ఏం మార్చామో కళ్ళకి కనపడుతుంది, ఇంకొకరికి పంపితే వాళ్ళ దగ్గర కూడా అదే నడుస్తుంది. పైథాన్ వస్తే ట్రాసీ అనే ఇంటర్‌ఫేస్ ద్వారా నడుస్తున్న సిమ్యులేషన్‌లోకే దూరి సిగ్నల్ మార్చొచ్చు, బండిని దారి మళ్ళించొచ్చు, ఇదే పని ఇంకా స్పీడ్‌గా కావాలంటే లిబ్‌సుమో అనే లైబ్రరీ వాడండి.

సప్లై చైన్ వాళ్ళు అడుగుతుంటారు ఇది మాకు పనికొస్తుందా అని. సరుకు కంటైనర్లు ఉన్నాయి, ఏ స్టాప్‌లో ఏ బండి ఎక్కి ఎక్కడ దిగాలో చెప్పొచ్చు, డెలివరీ వ్యాన్ ఆగడానికి పార్కింగ్ ఏరియాలు పెట్టొచ్చు, వ్యాన్ లేన్‌లోనే ఆగిపోతే వెనకాల ఏమవుతుందో చూడటానికి చాలా బాగుంటుంది, ఆ పనికి నేను ఫుల్ మార్కులు ఇస్తా. కానీ స్టాక్, ఆర్డర్లు, గోడౌన్ ఇవేం ఉండవు, ఏ వ్యాన్ ఏ ఇళ్ళకి ఏ వరసలో వెళ్ళాలి అన్న లెక్క ఓఆర్ టూల్స్ లాంటి రూట్లు ప్లాన్ చేసే వేరే సాఫ్ట్‌వేర్‌లో చేసుకుని ఆ రూట్లు తెచ్చి ఇక్కడ పొయ్యాలి. అలా పోసి నడిపితే, కాగితం మీద అతి తక్కువ దూరం వచ్చిన రూట్ రద్దీ టైమ్‌లో ఎంత లేటవుతుందో స్టాప్ స్టాప్‌కీ బయటపడుతుంది.