ఏది మేలు: వీపు మీద పెట్టె, కోచ్ కన్ను, ఆటగాడి మాట?

2025 జూన్‌లో ముంబయిలో రగ్బీ ప్రీమియర్ లీగ్ జరిగినప్పుడు హైదరాబాద్ హీరోస్ ఆటలను మా కుర్రాళ్లు ఫోన్లలో చూశారు. మాది రాజోలు దగ్గర లంక ఊరు. సాయంత్రాలు నేను కబడ్డీ నేర్పుతాను. "మాస్టారండీ, పెద్ద రగ్బీ టీముల్లో మెడ కింద చిన్న పెట్టె పెట్టుకుంటారంటండీ, మనమూ కొందామండీ" అని మొదలెట్టారు.

ఆ పెట్టెలో జీపీఎస్ ఉంటుంది. ఆటగాడు ఎంత దూరం పరుగెత్తాడు, ఎంత వేగం అందుకున్నాడు అన్నీ లెక్కకొస్తాయి. ఎన్ని ట్యాకిల్స్ పట్టాడో (అంటే బంతితో వచ్చేవాణ్ని పట్టి ఆపడం), ఎన్ని వదిలాడో వీడియో చూసి రాసేవాళ్లు వేరే ఉంటారు. ప్రొఫెషనల్ రగ్బీలో ఇది రోజువారీ పని. ఇంత లెక్క తన వెనకాల నడుస్తోందని తెలిసిన ఆటగాడు మైదానంలో ఏం చేస్తాడు? నాకు ముఖ్యం అదే.

ఒంటి సంగతైతే నా ఓటు అంకెకే. గాయం నుంచి తిరిగొచ్చినవాణ్ని ఒకేసారి ఫుల్ స్పీడులో పరుగెత్తిస్తే తొడ వెనక కండరం మళ్లీ పట్టేసే ప్రమాదం ఉంది. లెక్క చేతిలో ఉంటే కొద్దికొద్దిగా పెంచొచ్చు. తలకు దెబ్బ ఇంకా పెద్ద విషయం. 2024 జనవరి నుంచి ప్రపంచ రగ్బీని నడిపే సంస్థ వరల్డ్ రగ్బీ, పైస్థాయి పోటీల్లో సెన్సర్లున్న మౌత్‌గార్డులను (పళ్లకు తొడుక్కునే కవచాలను) తల గాయం పరీక్షలో భాగం చేసింది. తల గట్టిగా అదిరితే గీత బయట ఉన్న డాక్టరుకు కబురు అందుతుంది, ఆటగాణ్ని పిలిచి పరీక్షిస్తారు. ఆట మధ్యలో పిలిస్తే ఎవరికైనా కోపం వస్తుంది. అయినా పిలవాల్సిందే. మా వాళ్లనే చూడండి, కళ్లు తిరుగుతున్నా "ఏం లేదండీ, ఆడతానండీ" అంటారు. ఆ మాట నమ్మి ఒకసారి ఒక కుర్రాణ్ని ఆడించాను. రాత్రంతా వాంతులు చేసుకున్నాడు. అది తలుచుకుంటే ఇప్పటికీ నాకు నిద్ర పట్టదు.

ఆటలో తీసుకునే నిర్ణయాల దగ్గర మాత్రం అంకెను అంతగా నమ్మను. రగ్బీలో వింగర్, అంటే మైదానం అంచున ఆడేవాడు, చాలాసేపు గీత పక్కనే ఓపికగా నిలబడాలి. అతను అక్కడున్నాడనే ఎదుటి జట్టు విడివిడిగా నిలబడుతుంది, మధ్యలో సందు దొరుకుతుంది. కానీ నిలబడితే కిలోమీటర్లు పెరగవు కదా. అందరి అంకెలూ తెర మీద వరసగా పెట్టి కిందున్నవాణ్ని చూపిస్తే, తర్వాతి ఆటలో అతను అవసరం లేని చోటికీ పరుగెడతాడు. ట్యాకిల్ శాతం చూసి కాంట్రాక్ట్ రాస్తారనుకుంటే, జారిపోయేలా ఉన్న ట్యాకిల్‌కు అసలు వెళ్లడు. వెళ్లి తప్పితే లెక్క, వెళ్లకపోతే ఏమీ లేదు. కబడ్డీలోనూ అంతే. కూతకెళ్లినవాడు బాక్ లైన్ (అవతలి వైపు తప్పక దాటాల్సిన గీత) దాటి ఊరికే తిరిగొస్తే ఔట్ల లెక్క శుభ్రంగానే ఉంటుంది, జట్టుకు మాత్రం ఒక్క పాయింటూ రాదు.

ఇక్కడ కోచ్ కన్నే మేలు. వీడియో ముందు కూర్చోబెట్టి "అప్పుడు నీకేం కనపడిందిరా?" అని అడిగితే ఏ పెట్టే చెప్పలేనిది వాడు చెబుతాడు. అలాగని కన్నూ పూర్తిగా సరైనది కాదు. ఇష్టమైన కుర్రాడి బద్ధకం కోచ్‌కు కనపడదు. దాన్ని పట్టివ్వడానికి అంకె పక్కన ఉండాలి.

మా లంకలో మేం నమ్మే అంకె ఒకటుంది. ధవళేశ్వరం దగ్గర గోదావరి నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. ఆ అంకె వింటూ, పాయలో నీళ్లు చూసుకుంటూ పశువులను ఏటిగట్టు ఎక్కిస్తాం. ఆ అంకె చూసి మాకు ఎవరూ మార్కులు వేయరు. అందుకే దాన్ని మోసం చేయాలన్న ఆలోచనే రాదు.

మేం పెట్టె కొనలేదు, నోటుబుక్కు పెట్టాం. ప్రాక్టీసు అయ్యాక ఎంత కష్టమనిపించిందో ఒక్కొక్కరూ 0 నుంచి 10 లోపు చెబుతారు. దాన్ని నిమిషాలతో గుణిస్తాం: 90 నిమిషాలు, కష్టం 6 అయితే 540. రగ్బీ జట్లు కూడా జీపీఎస్‌తో పాటు ఈ లెక్క వాడతాయి. మొదటి రెండు వారాలూ అందరూ 4, 5 అన్నారు. అలిసిపోయామంటే పక్కన పెడతానని భయం. జట్టు ఎంపిక రోజు ఆ పుస్తకం ఇంట్లోనే ఉంచుతానని మాటిచ్చాను. మొన్న మంగళవారం ఒకడు మొదటిసారి 9 అన్నాడు. పొద్దున్నుంచీ నాన్నతో కొబ్బరి దింపులో ఉన్నాడట. "రేపు రాకురా, పడుకో" అన్నాను. గురువారం వచ్చి ఆడి 5 అన్నాడు. రాసుకున్నాను.