రెక్కలు మడిచే స్వోర్డ్‌ఫిష్: కర్నూలు ఎండలో ఎయిర్‌ఫిక్స్ 1/72 కిట్

ముందే చెప్పేస్తా, ఎయిర్‌ఫిక్స్ వాళ్ల 1/72 స్వోర్డ్‌ఫిష్ (రెండో ప్రపంచ యుద్ధం నాటి బ్రిటిష్ నేవీ విమానానికి 72వ వంతు సైజులో, ముక్కలు అతికించి కట్టుకునే ప్లాస్టిక్ మోడల్) కొనొచ్చు, డబ్బులు ఎక్కడికీ పోవు. కాకపోతే డబ్బాలో వచ్చేది సగం పనికి సరిపడా సరుకే. రంగులు, గమ్ము, రెక్కల మధ్య బిగించే తీగలకు దారం మనమే చూసుకోవాలి. వీటిలో మన ఊళ్లో నాకు తేలిగ్గా దొరికింది దారం ఒక్కటే, మిగతావాటికి ఆన్‌లైనే గతి.

నేవీ విమానం అంటే మనవాళ్లకు గుర్తొచ్చేది వైజాగ్ బీచ్ రోడ్డులో పెట్టిన టీయూ-142. ఇది దానికి తాతల కాలంది. 1934లో మొదటిసారి ఎగిరింది, రెండు వరుసల రెక్కలు (బైప్లేన్), లోహపు చట్రం మీద గుడ్డ, పైన కప్పు లేని కాక్‌పిట్‌లో ముగ్గురు మనుషులు, ముందు తొమ్మిది సిలిండర్ల పెగాసస్ ఇంజిన్. ఎంత తొక్కినా గంటకు 220 కిలోమీటర్ల చిల్లర. ఈ స్పీడుతోనే 1940 నవంబర్‌లో ఇల్లస్ట్రియస్ అనే బ్రిటిష్ విమాన వాహక ఓడ మీది నుంచి 21 విమానాలు రాత్రిపూట బయల్దేరి ఇటలీలోని టరాంటో రేవులో మూడు యుద్ధనౌకలను దెబ్బతీశాయి. మరుసటి ఏడాది మే 26న జర్మనీ యుద్ధనౌక బిస్మార్క్ చుక్కాని పనిచేయకుండా చేసింది కూడా వీటి టార్పెడోనే (నీళ్లలో దూసుకెళ్లే బాంబు), అప్పుడు ఎగిరింది ఆర్క్ రాయల్ అనే ఇంకో ఓడ నుంచి. ఇంత పాతదాన్ని పట్టుకుని ఇంత పని చేశారా అనిపించే కొన్నా.

కిట్ విషయానికొస్తే, నాకు బాగా నచ్చింది రెక్కలు. గుడ్డ కింద బద్దలు లీలగా తెలిసేట్టు పోశారు, అతి చేయలేదు. రెక్కలు చాచి కట్టుకోవచ్చు, ఓడ లోపల దాచినట్టు వెనక్కి మడిచి కూడా కట్టుకోవచ్చు. అసలు విమానం చాచితే 13.87 మీటర్ల వెడల్పు, మడిస్తే అయిదు మీటర్ల చిల్లర. మన 72వ వంతు లెక్కలో 19 సెంటీమీటర్ల పైన ఉండేది ఏడున్నర లోపుకి వచ్చేస్తుంది. షోకేసులో స్టీలు గ్లాసుల పక్కన జాగా అడుక్కునే నాలాంటివాళ్లకు ఇది చిన్న విషయం కాదు.

అసలు కథ పై రెక్క దగ్గర మొదలవుతుంది. దాన్ని అతికించే ముందే రంగులన్నీ వేసేయండి, డెకాల్స్ (గుర్తులు, అంకెల స్టిక్కర్లు) కూడా వీలైనన్ని అంటించేయండి, ఎందుకంటే తర్వాత రెండు రెక్కల మధ్య బ్రష్ దూరదు, దూరినా రెండు రెక్కల్ని కలిపే కర్రకు తగులుతుంది. మధ్య కర్రలు సరిగ్గా నిలబడితే మిగతావి వాటంతట అవే కుదురుతాయి, కాబట్టి అవి అతికించాక ఆ రాత్రికి ముట్టుకోకుండా వదిలేసి, రెండు పక్కలా పుస్తకాలు పేర్చి లెవెల్ చూసుకోండి. రంగు వేసిన చోట గమ్ము పట్టదు, అతికే చోట కాస్త గీకాలి. ఇంట్లో ఉంది కదా అని సూపర్ గ్లూ గాజులా కనిపించే ప్లాస్టిక్ ముక్కల దగ్గరికి తేవద్దు, ఆవిరికి తెల్లగా మసకబారిపోతాయి.

ఇక తీగలు. ఇది వద్దనుకుని ఆపేసేవాళ్లు చాలామంది, కానీ తీగలు లేని బైప్లేన్ నాకైతే సగం కట్టి వదిలేసిన ఇల్లే. 0.1 మిల్లీమీటర్ దారం అంటే అసలు సైజులో ఏడు మిల్లీమీటర్ల తీగ, అంతకన్నా లావుది వేస్తే ఎబ్బెట్టుగా ఉంటుంది. పాతబస్తీలో టైలర్లకు సామాన్లు అమ్మే కొట్లో అడిగితే కంటికి ఆనని పొగ రంగు నైలాన్ దారం చూపించాడు. ‘ఏం కుట్టాల అబ్బా దీంతో’ అన్నాడు, విమానం రెక్కలన్నా అంటే ఒక చూపు చూసి రీలు చేతిలో పెట్టాడు. బిగువు ఎక్కువ లాగకండి, రెక్కలు వంకరపోతాయి. వదులైతే అగరుబత్తి నిప్పు దగ్గరగా, తగలకుండా పెడితే అదే సర్దుకుంటుంది. చెయ్యి వణికితే మాత్రం పుటుక్కుమంటుంది, వ్యర్థంగా మిగిలే ప్లాస్టిక్ కడ్డీకి దారం కట్టి ముందు దాని మీద ప్రాక్టీసు చేయండి.

ఎండ గురించి ఎవరూ రాయరు కాబట్టి నేను రాస్తున్నా. కర్నూల్లో మే నెలలో నలభై దాటాక అక్రిలిక్ రంగు బ్రష్ మీదే ఎండిపోతుంది, పైన ఫ్యాన్ తిరుగుతుంటే ఇంకా ఘోరం. తెల్లవారుజామున కూర్చోండి, రంగులో అది ఆలస్యంగా ఆరేట్టు చేసే రిటార్డర్ రెండు చుక్కలు కలపండి, కరెంటు పోయినా కంగారు పడొద్దు, ఫ్యాన్ లేకపోవడమే మేలు.

ఐదుకి నాలుగు ఇస్తా. ఆ ఒక్క మార్కు తగ్గించింది కిట్‌కి కాదు, దిగుమతి ధరకు. రంగులూ గమ్మూ కలుపుకుంటే డబ్బా రేటుకు దగ్గర దగ్గర ఇంకో అంత పడుతుంది. ఇదివరకు ఒక్క కిట్ కూడా కట్టనివాళ్లు మాత్రం ముందు ఒంటి రెక్క విమానం ఏదైనా చిన్నది, రంగులూ గమ్మూ డబ్బాలోనే వచ్చేది, కట్టి చూసి అప్పుడు దీని జోలికి రండి.