బొంతలు కుట్టడానికి వాకింగ్ ఫుట్: చాలాకాలం వాడాక

నా కుట్టుమిషన్‌తో వచ్చిన డిజైన్ కుట్లన్నిట్లో నేను వాడేవి తిన్నకుట్టు, జిగ్‌జాగ్, అంతే. ఈ మిషన్‌ను ఇంకా ఎవరికీ ఇచ్చేయలేదంటే విడిగా కొనుక్కున్న వాకింగ్ ఫుట్ వల్లే. ఫుట్ అంటే సూది దగ్గర బట్టను అదిమిపట్టే భాగం.

మా అనంతపురం ఇళ్లల్లో బొంత అంటే పాత నూలు చీరలు పొరలుగా పరిచి కుట్టేదే. మా జేజి చేత్తోనే కుట్టేది. మామూలు ఫుట్‌తో కుడితే మిషన్ కింది పళ్లు అడుగు చీరను లాక్కుపోతాయి, పై చీరేమో ఫుట్ కింద నలిగి వెనకబడుతుంది. చివరికొచ్చేసరికి పైది నాలుగు వేళ్లు మిగిలి ముడతలు పడుతుంది. వాకింగ్ ఫుట్‌కు పైన కూడా పళ్లుంటాయి. దాని పక్క కొక్కెం సూది స్క్రూ మీద కూర్చుంటుంది, సూదితో పాటే ఆ పళ్లూ కదిలి పొరలన్నిటినీ కలిపి నడిపిస్తాయి. ధర్మవరం పాత పట్టుచీర అంచును నూలు మీద వేసి కుడితే ఇంచు కూడా జారలేదు. ఆ రోజు దానికి దండం పెట్టాను.

ఒకసారి మాత్రం హడలెత్తించింది. బొంత సగంలో ఉండగా టక్కుమని సూది ఊడి, ప్లేటుకు తగిలి విరిగింది. ముక్క కనబడదు. ఆ బొంత మా అక్క మనవడి కోసం, పసిగుడ్డు పడుకునేది! టెన్షన్‌తో అయస్కాంతం పట్టుకుని పొరపొరా తడిమాను. చివరికి బాబిన్ కూర్చునే షటిల్ దగ్గర దొరికింది. మెకానిక్ చూసి, "ఆ కొక్కెం ఊపుకి సూది స్క్రూ వదులవుతుందక్కా, వేళ్లతో కాదు, స్క్రూడ్రైవర్‌తో బిగించుకో" అన్నాడు. ఇప్పుడు బాబిన్ మార్చినప్పుడల్లా ఓ తిప్పు తిప్పుతాను. నేను వాడే సూది సైజు 90/14, కుట్టు పొడవు 3 మిల్లీమీటర్లు.

జారదు అన్నాను గానీ, పొరలు మరీ మందమైతే కాస్త జారుతుంది. పిన్నులు దగ్గరదగ్గరగా పెట్టి, నడిమి నుంచి అంచులకు కుట్టుకుంటూ రావాలి. నా ఫుట్ వెనక్కి కుట్టడానికి పనికిరాదు, చప్పుడూ ఎక్కువే. డబుల్ కాట్ బొంతను చుట్టచుట్టి మిషన్ సందులో దూర్చేసరికి భుజాలు పడిపోతాయి.

నేను ఇంటివాళ్లకే కుడతాను, తొందర లేదు, కాబట్టి నాకు సరిపోయింది. జాకెట్లే కుట్టుకునేవాళ్లకు ఈ ఖర్చు దండగ. డబ్బు తీసుకుని బొంతలు కుట్టేవాళ్లయితే, మిషన్ కొనేముందు సూదికీ మిషన్ ఒంటికీ మధ్య సందు ఎంతుందో టేపుతో కొలవండి. ఫుట్ సంగతి తర్వాతైనా చూసుకోవచ్చు, మీ మిషన్‌ది 'లో షాంకో' 'హై షాంకో' (ఫుట్ తగిలించే కడ్డీ పొట్టిదో పొడుగుదో) అడిగి తెచ్చుకుంటే చాలు.